నేల అయ్యది, చెట్లు అత్తవి

ఆ మాటని నేను మొదట చూసింది మా మండలాఫీసు నల్లబోర్డు మీద. ఇంబ్రోలియో. దాని కింద తెలుగులో అర్థం: గందరగోళం, చిక్కుపడిన వ్యవహారం. ఇంకా కింద ఒక ఆజ్ఞ: ఈ వారం సిబ్బంది అందరూ తమ రోజువారీ రాతల్లో ఈ మాటని ఒక్కసారైనా వాడవలెను.

తొంభైల చివర్లో సంగతి ఇది. అప్పుడు నేను అరకు లోయలో ఆ ఆఫీసులో రోజుకూలి టైపిస్టుని. మా కొండల్లో ఇంటర్ పాసైన ఆడపిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకని పిలిచి మరీ ఉద్యోగం ఇచ్చారు, పర్మినెంటు చేస్తామని ఊరిస్తూ ఏళ్లు గడిపేశారు. మిగతా సిబ్బంది అంతా కిందనుంచి వచ్చినవాళ్లే. కింద అంటే మా లెక్కలో సాలూరు, శృంగవరపుకోట, విశాఖపట్నం, ఘాట్ రోడ్డు దిగితే వచ్చే ఊళ్లన్నీ.

ఆ మాట రాసిన ఆఫీసరు కూడా కింది మనిషే. ఎవరితోనో పడక ఏజెన్సీకి తోలేశారని చెప్పుకునేవారు. మా కొండలు వాళ్లకి శిక్ష వేసే చోటు మరి. ఆ శిక్షలోనే మేం పుట్టి పెరిగామని ఎవరికీ తట్టదు. ఆయన చెడ్డవాడేమీ కాదు. లంచం ముట్టేవాడు కాదు, గొంతు పెంచేవాడు కాదు, నన్ను అమ్మా అనే పిలిచేవాడు. ఉన్న జబ్బల్లా ఇంగ్లీషు మాటల పిచ్చి. కన్ఫ్యూజన్ అని రాసి తీసుకెళ్తే తేలు కుట్టినట్టు మొహం పెట్టేవాడు.

"కన్ఫ్యూజన్ అని బజార్లో ప్రతివాడూ అంటాడమ్మా. కాగితం మీద పెట్టేటప్పుడు మనకంటూ ఒక మాట ఉండాలి" అనేవాడు.

అలా వారానికో మాట బోర్డెక్కేది. మామూలు చీటీల్లో, రిపోర్టుల్లో అది కనబడితే పక్కన టిక్కు పెట్టి గుడ్ అని రాసేవాడు. పెళ్లీడు పిల్లలున్న గుమాస్తాలు ఆ గుడ్ కోసం ఒకటో క్లాసు పిల్లల్లా మొహం వాచిపోయి ఉండేవారు. ఇంబ్రోలియో వచ్చిన వారం మరీ పండగైపోయింది. సీనియర్ అసిస్టెంటు గోదాములో బియ్యం బస్తాలు కలిసిపోయిన సంగతి రాస్తూ వాడాడు. జీపు డ్రైవరు డీజిల్ పుస్తకంలో రాయించుకున్నాడు. మా అటెండరు, భీమిలి వైపు పెద్దాయన, సెలవు చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, కడుపులో బాగోలేదని కొట్టీ. ఆ మాట కూడా ఎక్కడో దూర్చీ. సెలవు బేగి ఇత్తాడు."

కడుపులో ఇంబ్రోలియో ఏర్పడినందున అని టైపు చేసిచ్చాను. సెలవూ దొరికింది, గుడ్డూ దొరికింది. ఆ రోజు అందరం పడీ పడీ నవ్వాం. మాట మన మీద పడనంతసేపు నవ్వుకోవచ్చు.

మా ఊరు మండలానికి ఎగువన, రోడ్డు వంపు తిరిగే చోట ఉంది. వంపుకి పైవైపు మా అయ్య చేను. సామలు, రాగులు, పసుపు వేసేవాడు. ఆ చేలో రోడ్డంచున వరసగా మూడు పనస చెట్లుండేవి. చేను అయ్యదే గానీ చెట్లు మా మేనత్తవి, అంటే అయ్య చెల్లెలివి.

మా దగ్గర ఆడపిల్లకి నేల ఇవ్వరు. ఈ కట్టుబాటుని నేను బోలెడుసార్లు తిట్టుకున్నాను, ఇప్పటికీ తిడతాను. కానీ చెట్టు ఇస్తారు. అత్త పుట్టినప్పుడు మా తాత ఆమె పేరు చెప్పి ఆ మొక్కలు నాటాడట. నేల కొడుక్కి వచ్చినా చెట్లు కూతురివే. పెళ్లై వేరే ఊరు పోయినా ఆమెవే. మొగుణ్ణి మలేరియా జ్వరం ఎత్తుకుపోయి, పిల్లాజెల్లా లేక అత్త తిరిగొచ్చేసరికి అవి మానులై కాపుకొచ్చి ఉన్నాయి.

నేల ఒకరిది చెట్టు ఒకరిది అయితే ఎవరు ఎలా ఉండాలో మా ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. దున్నేది అయ్య. వేరు తగిలితే నాగలి పక్కకి తిప్పేవాడు. పండు రాలి చేలో పడితే మేం ముట్టకూడదు, అత్తని కేకెయ్యాలి. ఏటా మొదటి పండుని అత్త మా ఇంటికి తెచ్చి గుమ్మంలో పెట్టాలి, నేల వాళ్ల వాటా అది. ఆ తర్వాతే మిగతావి సంతకి తీసుకెళ్లాలి. చెట్టున్నన్నాళ్లూ ఆ చేలో నడిచే దారి ఆమెకుంటుంది. చెట్టు పోతే దారీ పోతుంది. నాకివి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అన్నం ఏ చేత్తో తినాలో తెలిసినట్టే తెలుసు.

అత్త బతుకంతా ఆ చెట్లే. లేత కాయలు కూరకి పోయేవి. పండితే తొనలు. పిక్కలు ఎండబెట్టి వానాకాలం నిప్పుల్లో కాల్చుకు తినేది. మానులకి మిరియాల తీగలు పాకించింది. సంతరోజు గంప నెత్తిన పెట్టుకుని రైలు గేటు దాటి పోతుంటే ఆమె నడకే వేరుగా ఉండేది. అన్న ఇంట్లో ఉండమన్నా ఉండకుండా విడిగా పాక వేసుకుంది. ఆ చెట్లు పోతే ఆమె మా గుమ్మంలో ముద్ద కోసం కూర్చునే ముసలిదైపోతుంది. అది ఆమెకీ తెలుసు, మా అయ్యకీ తెలుసు.

బొర్రా గుహలు చూడ్డానికి వచ్చే జనం ఎక్కువై, వేన్లు వంపులో తిరగలేకపోతున్నాయని ఆ రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. ఇంజనీరుకి ఏ వైపైనా ఒకటే. పైవైపు తీసుకుంటే అత్త చెట్లు పోతాయి. కిందివైపు తీసుకుంటే ఒక రేకుల షెడ్డు పోతుంది. ఆ షెడ్డు ఒక షావుకారుది. ఉప్పు, కిరసనాయిలు, ఎండు చేపలు అమ్మేవాడు, కొత్తగా కూల్‌డ్రింకులు కూడా పెట్టాడు. బయటివాళ్లు మా కొండల్లో నేల కొనకూడదని చట్టం ఉంది. అందుకని ఆ స్థలం ఆయన దగ్గర బస్తాలు మోసే మా వాడి పేరున ఉండేది. ఈ సంగతి ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు. ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ షెడ్డులో టీ తాగని గుమాస్తా లేడు.

రెండు వైపులవాళ్ల మాటా విని, ఏ వైపు హక్కు గట్టిదో రాసి పంపమని మా ఆఫీసరుకి కాగితం వచ్చింది. పైవైపు హక్కు గట్టిదని రాస్తే అత్త చెట్లు ఉంటాయి. లేకపోతే పోతాయి.

విచారణ రేపనగా అటెండరు నన్ను పక్కకి పిలిచాడు.

"మీ అయ్యకి సెప్పమ్మా. నేలా సెట్లూ అన్నీ నాయేనని ఒక్క ముక్క అనీమను. ఒక మనిసి, ఒక పేరు. సార్ రాసీసి పోతాడు. నేకపోతే సెట్లు దక్కవు."

ఆ ఆఫీసులో నాకు దొరికిన ఒకే ఒక్క మంచి సలహా అది. ఇంటికెళ్లి అయ్యకి చెప్పాను. అంబలి తాగుతున్నవాడు గిన్నె కింద పెట్టాడు.

"సెట్లు నాయని నానెలాగ అంటానే?"

"ఒక్క రోజుకే అయ్యా. తర్వాత అవి అత్తవే కదా."

"ఒక్క రోజైనా నాయంటే, ఆ రోజు దానికేటుంటాది?"

అక్కణ్ణుంచి అత్త పాకకి పోయాను. నువ్వయినా అన్నకి చెప్పు, నీ చెట్ల కోసమే కదా అన్నాను. అత్త చాట మీద పిక్కలు ఆరబోస్తోంది. నా మాట పూర్తిగా వింది.

"అలాగంటే సెట్టు కాయదే గుంటా" అంది. అని మళ్లీ పిక్కల్లో చెయ్యి పెట్టింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆఫీసులో కాగితం ఎలా నడుస్తుందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వీళ్లిద్దరూ నిజం చెబితే చెట్లు దక్కుతాయనుకునే మనుషులు. ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను, తిండి తినలేదు. అయినా అయ్య మాట మార్చలేదు.

విచారణ ఆ చెట్ల కిందే జరిగింది. కుర్చీలు షావుకారు పంపాడు, కూల్‌డ్రింకులూ ఆయనే పంపాడు. నేను పేడ్ పట్టుకుని రాసుకుంటున్నాను. ఆఫీసరు నవ్వుమొహంతోనే మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, ఇక్కడున్నదంతా నీదేనా?"

"బూవి నాదే బాబూ. సెట్లు నాయి కావు" అన్నాడు అయ్య.

"ఏమ్మా, మరి నువ్వు? ఈ స్థలం నీదా?"

"నాది కాదు బాబూ. అన్నది. సెట్లు నాయి" అంది అత్త.

"స్థలం నీది కానప్పుడు చెట్లు నీవెలా అవుతాయి?"

"నాయే బాబూ. మా అయ్య ఇచ్చినాడు."

"అవునయ్యా, నీ స్థలంలో చెట్లు ఆవిడవేంటి?"

"దానియే బాబూ" అన్నాడు అయ్య.

ఆఫీసరు తన వెంట వచ్చిన సర్వేయరు వైపు చూశాడు. సర్వేయరు భుజాలెగరేశాడు. నేను నోరు ఉండబట్టలేక, సార్, మా దగ్గర ఇది మామూలే, నేల అన్నది, చెట్టు చెల్లిది, ఇద్దరికీ ఒప్పుదలే, గొడవేమీ లేదు అన్నాను. ఆయన చెయ్యెత్తి, రాసుకో అమ్మా, నువ్వు రాసుకో అన్నాడు.

తర్వాత రోడ్డుకి అవతల ఉన్న బస్తాల మనిషిని పిలిచారు. ఈ షెడ్డు నీదేనా అని అడిగారు. వాడు షావుకారు మొహం చూసి, నాదే బాబూ అన్నాడు. స్థలమూ నీదేనా అంటే నాదే బాబూ అన్నాడు. దాంతో అటువైపు పని అయిపోయింది. వాడి కాళ్లకి చెప్పులు లేవు. షెడ్డు యజమాని చెప్పుల్లేకుండా ఎందుకు తిరుగుతున్నాడని ఎవరూ అడగలేదు.

ఆఫీసుకి వెళ్లాక ఆయన గది తలుపు తీసి పెట్టి, అటూ ఇటూ నడుస్తూ నాకు రిపోర్టు చెప్పాడు. కిందివైపు హక్కు స్పష్టంగా, ఏ సందేహానికీ తావు లేకుండా ఉందని. పైవైపు నేల ఉన్నవాడు చెట్లు తనవి కావంటున్నాడని, చెట్లున్నామె నేల తనది కాదంటోందని. అంతవరకూ చెప్పి ఆగాడు. మొహం వెలిగిపోయింది. పెట్టెలో దాచుకున్న పట్టుపంచె కట్టుకునే రోజు వచ్చినంత సంబరం ఆయన కళ్లలో కనబడింది.

"పైవైపు హక్కుల వ్యవహారం ఒక ఇంబ్రోలియో అని కొట్టమ్మా."

నా వేళ్లు ఆగిపోయాయి.

"సార్, అందులో చిక్కేమీ లేదు. నేల మా అయ్యది. చెట్లు మా అత్తవి."

"అదేనమ్మా. దాన్నే ఇంబ్రోలియో అంటారు" అని నవ్వాడు. "నీకు బాగా అర్థమైంది."

టైపు మిషను ముందు కూర్చునేవాళ్లకి మాట మార్చే హక్కు ఉండదు. కొట్టాను. కింద ఇంకో వాక్యం చెప్పాడు. పైవైపు హక్కుదారు ఎవరో తేలనందున ఆ వైపునుంచి అభ్యంతరం లేనట్టే భావించవచ్చునని. ఆ ఒక్క మాట మీదే ఈ వాక్యం నిలబడింది.

ఆ తర్వాత ఆ మాట గురించి నేను చాలా ఆలోచించాను. కన్ఫ్యూజన్ అని రాసి ఉంటే పైవాళ్లలో ఎవరో ఒకరు, కన్ఫ్యూజన్ ఎవరికి, ఎందుకు అని అడిగేవారేమో. నాకు అర్థం కాలేదు అని రాసి ఉంటే, వెళ్లి మళ్లీ కనుక్కో అనేవారేమో. అర్థం కానిది ఆయనకి. కానీ అలా రాసుకోవడానికి ఆయనకి సిగ్గు. అంత అందమైన మాట చేతికి దొరికేసరికి తన బుర్రలో ఉన్న గందరగోళాన్ని తీసుకెళ్లి మా అత్త చెట్లకి కట్టేశాడు. పైనుంచి ఆ రిపోర్టు చాలా బాగుందని మెచ్చుకుంటూ జాబు వచ్చిందట. ఆయనే చెప్పాడు, స్వీట్లు కూడా పంచాడు. నాకిచ్చిన మైసూర్‌పాకుని అటెండరు చేతిలో పెట్టేశాను. ఆయన కూడా తినలేదు.

చెట్లు కొట్టింది కాయలు ముదిరే రోజుల్లో. కూలికి వచ్చినవాళ్లు పక్క ఊరి మావాళ్లే. గొడ్డళ్లు భుజాన పెట్టుకుని నేరుగా అత్త పాకకి పోయి, అత్తా, కొట్టమంటావా అని అడిగారు. రోడ్డు మీద కాంట్రాక్టరు మనిషి, దాన్నెందుకురా అడుగుతున్నారు, ఆర్డరు ఉంది కదా అని అరుస్తున్నాడు. వాళ్లు కదల్లేదు. చెట్టు ఎవరిదో వాళ్లనే కదా అడగాలి. మా అత్తకి ఎంత మర్యాద దక్కిందో చూడండి. ఆ మర్యాద ఇచ్చినవాళ్ల చేతుల్లోనే గొడ్డళ్లున్నాయి.

అత్త వాళ్లతో చెట్ల దగ్గరికి నడిచింది. "ముందు కాయలు దింపీండి" అంది.

దింపారు. ఆమె ఒక్కొక్కటీ అందుకుని వరసగా పేర్చింది. పచ్చి కాయల పాలు మోచేతుల దాకా కారి అంటుకుపోయాయి. మానులు పడిపోతున్నప్పుడు ఆమె అటు చూడలేదు, కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కూర్చుంది. ఆ కిరసనాయిలు కూడా ఆ షెడ్డులో కొన్నదే. అయ్య చేను గట్టు మీద నిలబడి ఏడ్చాడు. మా అయ్య ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు ఏడుపు రాలేదు. ఎవర్నో ఒకర్ని కొట్టాలనిపించింది. అరవనివాణ్ణి, లంచం ముట్టనివాణ్ణి, అమ్మా అని పిలిచేవాణ్ణి ఎలా కొడతాం?

సాయంత్రం అత్త నన్ను అడిగింది. "మన గురించి ఏటి రాసినారే గుంటా?"

"అర్థం కాలేదని రాశారత్తా."

"అర్దం కాపోతే మళ్లీ అడగొచ్చు కదా. నానెక్కడికి పోతాను" అంది.

కొన్నాళ్లకి ఆఫీసరు బదిలీ అయి కిందకి పోయాడు. దండలేసి సాగనంపారు. బోర్డు మీద ఆయన చివరి మాటని అటెండరు తడిగుడ్డతో తుడిచేశాడు. రోడ్డు వెడల్పయింది. రేకుల షెడ్డు రెండంతస్తుల లాడ్జి అయింది. దాని ముందు ఎండాకాలం ప్లాస్టిక్ కవర్లలో పనస తొనలు అమ్ముతారు, కిందనుంచి తెప్పించి. బస్తాల మనిషి ఇంకా బస్తాలు మోస్తూనే ఉన్నాడు, లాడ్జి ఇప్పటికీ అతని పేరు మీదే ఉంది. అందులో ఏ సందేహానికీ తావు లేదు.

అత్త మాత్రం ఆ తర్వాత మా చేలో అడుగుపెట్టలేదు. చెట్టు లేనివాళ్లకి దారి లేదు కదా. మా ఇంటికి రావాలంటే చేనుకి అడ్డంపడి వస్తే ఎంతోసేపు పట్టదు. ఆమె ఆ రోడ్డంతా చుట్టూ తిరిగి, వేన్ల హారన్లు వింటూ వచ్చేది. అయ్య బతిమాలాడు, తిట్టాడు, అదేంటే నా నేలేగా అన్నాడు. నీ నేలే కాబట్టే అనేది. ఆఫీసువాళ్లు కాలరాసేసిన మా కట్టుబాటుని ఆమె ఒక్కతే మోస్తోంది. ఆమె మీద నాకు కోపం వచ్చేది. ఆ కోపం ఎవరి మీద రావాలో తెలిసి కూడా ఆమె మీదే వచ్చేది. సంతకి ఆమె ఇప్పుడు అడ్డాకులు కుట్టి తీసుకెళ్తోంది. చూపు సరిగ్గా ఆనక విస్తళ్లు ఎగుడుదిగుడుగా వస్తాయి, సగం వెనక్కి తెచ్చుకుంటుంది.

మొన్నీమధ్య మా పాప ఇంగ్లీషు మీడియం బడినుంచి హోంవర్కు తెచ్చింది. అసలు ఇదంతా రాయడానికి కారణం అదే. వాళ్ల టీచరమ్మ కూడా కింది మనిషే. మామూలు మాటలకి బదులు అరుదైన మాటలు వాడితే రాత అందంగా ఉంటుందని చెప్పి, కన్ఫ్యూజన్ అనడానికి బదులు వాడే మాటలు కొన్ని ఇచ్చిందట. వాటిలో ఒకదాన్ని పెట్టి మీ ఇంట్లో జరిగిన సంగతి ఒక వాక్యం రాయమంది. పాప వేలు పెట్టి చూపించిన మాట ఇంబ్రోలియో.

సరిగ్గా అప్పుడే అత్త గుమ్మంలోకి వచ్చింది, నెత్తిన పనస పండుతో. అడ్డాకులమ్మిన డబ్బుతో సంతలో కొన్నది. చెట్లు కొట్టేసిన మరుసటి ఏటినుంచీ ఆమె ఇలా ఏటా ఒక పండు కొని తెచ్చి మా గుమ్మంలో పెడుతోంది. మేం వద్దని చెప్పి చెప్పి మానేశాం.

"ఏటి రాత్తన్నావే గుంటా?" అని పాపని అడిగింది.

"ఏది ఎవరిదో తెలీకుండా చిక్కుపడిపోతే ఏమంటారో అది రాయాలి అవ్వా. మనింట్లో అలాంటిదేమైనా ఉందా?"

అత్త నిజంగానే ఆలోచించింది. "మనింట్లో అలాటియి ఏటున్నాయి?" అంది.

పాప ఊరుకుంటుందా. పండు చూసి, "నీకు చెట్టు లేదు కదవ్వా, మరి మొదటి పండు మాకెందుకు తెచ్చావు?" అంది.

"సెట్టు నేకపోతే మాత్రం నేల మీది కాకుండా పోద్దేటి?"

లోపలినుంచి అయ్య వచ్చాడు. కత్తికి నూనె రాసుకుని, కూర్చుని పండు కోశాడు. మొదటి తొన చెల్లెలి చేతిలో పెట్టాడు. వాళ్లిద్దరి మధ్యా ఆ రోజు ఆఫీసరు అడిగినప్పుడు ఏ గందరగోళమూ లేదు, ఇప్పుడూ లేదు. చెట్లే లేవు.